గొడుగమ్మ అలిగిన పుస్తకం

వరహాలమ్మ గొంతు పోయిందన్న సంగతి వీధిలో అందరికంటే ముందు కోళ్ళకి తెలిసింది. అంతకుముందు అవి పెరటి గోడ ఎక్కితే చాలు, వంటింట్లోంచి ఒక్క "హుష్" వచ్చేది. ఆ దెబ్బకి నాలుగిళ్ళ అవతల పడేవి. ఇప్పుడేమో దర్జాగా గోడ దిగొచ్చి, కొత్తిమీర మడిలో కూర్చుని, ఆవిడ చేతులు ఊపుతుంటే తమాషా చూస్తున్నాయి. వరహాలమ్మకి ఒళ్ళు మండిపోయేది. తిడదామని నోరు తెరిస్తే గాలి తప్ప ఇంకేమీ రాదు, మరేం చేస్తుంది పాపం.

అరవై రెండేళ్ళ మనిషి. సామర్లకోటలో, స్టేషను మైకులో చెప్పేవన్నీ ఇంట్లోకి వినపడేంత దగ్గర్లో ఇల్లు. భర్త సూరిబాబు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఒక్కతే కూతురు అనంతలక్ష్మి హైస్కూల్లో లెక్కల టీచరు. అల్లుడు ఓడ మీద ఉద్యోగి, ఆర్నెల్లకోసారి కనిపిస్తాడు. అందుకని కూతురూ, అయిదేళ్ళ మనవరాలు నైనికా ఈ ఇంట్లోనే ఉంటారు. నాలుగు నెలల కిందట వరహాలమ్మ గొంతులో గడ్డ లేచింది. ప్రాణం కావాలంటే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు, తీసేశారు. ప్రాణం దక్కింది కదా, అమ్మయ్య అనుకున్నారందరూ. వరహాలమ్మ కూడా అనుకుంది, లోపల్లోపల.

ఆపరేషనయిన మూడో రోజున నర్సమ్మ నవ్వుతూ వచ్చి, రాసుకునే పలక ఒకటి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "ఏం కావాలన్నా ఇందులో రాసెయ్యండి అమ్మగారూ, మేం చదువుకుంటాం" అంది.

వరహాలమ్మ ఆ పలక వంక పాముని చూసినట్టు చూసింది. ఎందుకంటే ఆవిడకి ఒక్క అక్షరం ముక్క రాదు. చిన్నప్పుడు నాన్న వెనకాల బాతుల మందని తోలుకుంటూ ఊరూరా తిరిగిన పిల్లకి బడెక్కడిది? పెళ్ళిచూపుల్లో మేనమామ ఎవరూ అడక్కుండానే "మా పిల్ల అయిదు చదివిందండి" అనేశాడు. ఆ అబద్ధం ఆవిడ ఆడింది కాదు, కానీ మొయ్యడం మాత్రం ఆవిడ వంతయింది. సంతకం ఒక్కటీ ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకుంది. మిగతా చోట్లంతా "కళ్ళజోడు మర్చిపోయాను, కాస్త చూసి పెట్టండి" అని గడిపేసింది. మొగుడికి తెలీదు, కూతురికి తెలీదు, ఇన్నేళ్ళూ గుట్టుగా నెట్టుకొచ్చానని లోపల కాస్త గర్వం కూడాను. ఇప్పుడు చూడండి గ్రహచారం, నోరు పోయి చేతికి పలక వచ్చింది.

పలకని పక్కకి నెట్టేసింది. నర్సమ్మ మళ్ళీ అందించబోతే, అటుపక్క కూర్చున్న సూరిబాబు కల్పించుకున్నాడు. "మా ఆవిడకి రాసే ఓపిక లేదు సిస్టరు. సైగలు చాల్లెండి, నాకు అర్థమవుతాయి" అన్నాడు. మహానుభావుడు, తెలీకుండానే గట్టెక్కించాడు అనుకుంది వరహాలమ్మ.

తర్వాత గొంతుపట్టీ వచ్చింది. మెడకి చుట్టుకుంటే నాలిక, దవడ ఎలా కదులుతున్నాయో కనిపెట్టి, మనం అనబోయే మాటని అది పైకి అంటుంది. ఈ రోజుల్లో ఇలాంటివాళ్ళందరికీ అదే పెడుతున్నారు. చక్కటి పరికరమే, కాదనడానికి లేదు. కానీ దాంట్లోంచి వచ్చేది ఎవరో తయారుచేసి పెట్టిన గొంతు. ఇంటికొచ్చిన రోజున పట్టీ కట్టుకుని, "నైనికా, అన్నానికి రా" అంది వరహాలమ్మ. నైనిక వీధి గుమ్మం వైపు చూసి, "తాతయ్యా, ఏదో రైలొస్తోందిట" అంది.

అంతే, వరహాలమ్మ పట్టీ విప్పి బీరువాలో పడేసింది. పరాయి గొంతుతో మనవరాలిని పిలవడం కంటే చప్పట్లు కొట్టి పిలవడం నయమనుకుంది.

సొంత గొంతు పట్టీలో పెట్టొచ్చుట, కానీ దానికి పాత రికార్డింగు ఉండాలిట. అనంతలక్ష్మి ఫోన్లన్నీ గాలించింది. పెళ్ళిళ్ళ వీడియోల్లో బ్యాండు మేళం తప్ప ఏమీ లేదు. మిగతావన్నీ తీసింది వరహాలమ్మే, తీసినంతసేపూ వీడియో పాడవుతుందని నోరు బిగబట్టేది కాబట్టి అందులో అందరూ ఉన్నారు, ఆవిడ లేదు. వెతగ్గా వెతగ్గా దొరికింది ఒక్కటే ముక్క. "ఏంటే, తీస్తున్నావా? ఆపు, జుట్టు దువ్వుకోలేదు." అది పట్టుకుని మనిషి గొంతు తయారు చెయ్యలేమని కంపెనీవాళ్ళు చేతులెత్తేశారు.

ఇంట్లో అందరికంటే ఎక్కువ కష్టం వచ్చింది నైనికకి. దానికో బొమ్మల పుస్తకం ఉంది. ముప్ఫయ్యయిదేళ్ళ కిందట సూరిబాబు అనంతలక్ష్మి కోసం కాకినాడ బస్టాండులో కొన్నది. పన్నెండు దళసరి అట్ట పేజీలు, పేజీ నిండా బొమ్మ, కింద రెండు వరుసల అచ్చు. ఎర్ర గొడుగొకటి గాలికి ఎగిరి ఊళ్ళన్నీ తిరిగి ఇంటికొస్తుంది. అనంతలక్ష్మి దాంతో పెరిగింది. తర్వాత వీధిలో పిల్లలందరూ దాని మీద చొంగ కార్చారు, ఇప్పుడు నైనిక. రోజూ దీపాలు పెట్టే వేళకి, పొయ్యి మీద పాలు పెట్టి, వంటింటి గడప దగ్గర కూర్చుని వరహాలమ్మ చదవాలి, పక్కన చేరినవాళ్ళు ఊఁ కొట్టాలి. ఒక్క ఊఁ తగ్గినా కథ ముందుకి సాగదు, అది ఆ ఇంటి కట్టు.

చదవడమంటే ఎలా చదివేదంటారా? మూడేళ్ళ అనంతలక్ష్మి మొదటి రోజు పుస్తకం ఒళ్ళో పెట్టి "చదువమ్మా" అన్నప్పుడు వరహాలమ్మ బొమ్మ వంక చూసింది. ఎర్ర గొడుగు, గుమ్మం దాటిపోతోంది, ముడుచుకున్న మూతిలాగే ఉంది. నోటికొచ్చింది అనేసింది. "గొడుగమ్మకి కోపం వచ్చింది. ఎండకీ నేనే, వానకీ నేనే, ఇంట్లోకొస్తే మాత్రం మూలన పడేస్తారా? నేను పోతా, మా పుట్టింటికి పోతా!" పిల్ల కళ్ళు ఇంతలేసి చేసుకుని విన్నది. మర్నాడు ఒక మాట అటూ ఇటూ అయితే "అలా కాదు!" అని రాగం తీసింది. అంతటితో కథ బిగుసుకుపోయింది. అదే మాట, అదే రాగం, అదే చోట ఊపిరి, ముప్ఫయ్యయిదేళ్ళూ ఒక్క అక్షరం మారలేదు. అక్షరాలు రాని మనిషి కథలో అక్షరం పొల్లుపోకపోవడం అంటే అదే మరి.

ఇప్పుడు అది చెప్పే నోరు లేదు. సూరిబాబు ప్రయత్నించాడు. పేజీ తిప్పినప్పుడల్లా స్టాపు వచ్చినట్టు కేకేస్తాడు, నైనికకి నచ్చలేదు. అనంతలక్ష్మి అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివింది. "గాలి వీచింది. గొడుగు పైకి లేచింది." నైనిక పుస్తకం లాక్కుని విసిరికొట్టి, "ఇది కాదు కథ! నీకు చదవడం రాదు!" అని ఏడ్చింది. లెక్కల టీచరు ఆ మాటకి తల్లి వంక చూడకుండా పుస్తకం తీసి దులిపింది. వరహాలమ్మ కూడా కూతురి వంక చూడలేదు.

ఆ వారంలోనే అనంతలక్ష్మి ఒక కబురు మోసుకొచ్చింది. కాకినాడలో పోర్టు దగ్గర చిన్న ల్యాబు. అక్కడ షాహినా అనే సైంటిస్టు పుస్తకాలు చెమ్మకి పాడవకుండా అట్టల మీద వేసే మెరుపు పూత గురించి పరిశోధన చేస్తూ, ఒక బడి లైబ్రరీ పుస్తకంలోంచి టీచరమ్మ గొంతు బయటికి లాగిందిట. ఎప్పుడో చనిపోయిన టీచరమ్మ!

"నీ గొంతు మన పుస్తకంలో ఉండి ఉంటుందమ్మా" అంది అనంతలక్ష్మి. "కానీ గొంతు తీస్తే బొమ్మలు పోతాయిట. ఒక్క పేజీ కూడా మిగలదు."

వరహాలమ్మ తల అడ్డంగా ఊపింది. పిల్లదాని పుస్తకం లాక్కుని నా గొంతు తెచ్చుకోనా? సిగ్గులేకపోతే సరి. మాటొచ్చినా రాకపోయినా బతుకు వెళ్ళిపోతుంది, నాలుగు నెలలు వెళ్ళలేదూ? కానీ లోపల ఆశ పుట్టిన సంగతి ఆవిడకి తెలుసు. పక్కింటావిడతో గోడ దగ్గర చేరి అర్ధగంట మాట్లాడి ఎన్నాళ్ళయింది! కూరలవాడితో ఒక్క బేరమైనా ఆడలేదు. మొగుణ్ణి "ఏవండీ" అని పిలవకపోతే ఆ మనిషి తువ్వాలు ఎక్కడుందో ఆ మనిషికే తెలీదు.

తేల్చింది నైనిక. "అమ్మమ్మ గొంతు పుస్తకంలో ఇరుక్కుందా?" అని అడిగింది. అవునంది తల్లి. "అయితే తియ్యండి. ఊపిరాడదు కదా దానికి" అంది. అలా అన్నదే కానీ, ఆ రోజంతా పుస్తకం చంకలోంచి దించలేదు. మర్నాడు అనంతలక్ష్మి పన్నెండు పేజీలూ ఫోటోలు తీసి, ఆటో పిలిచింది.

ల్యాబంతా చేపల వాసన, ఆ వాసనలోనే తెల్ల కోటు వేసుకుని షాహినా. నలభై దాటి ఉంటాయి, చలాకీ మనిషి. "రండి పిన్నిగారూ, రండి బాబాయిగారూ" అని సొంతవాళ్ళని పిలిచినట్టు పిలిచింది. నైనిక వేలు పట్టుకుని ఒక స్పీకరు మీద ఆనించి పాట పెట్టింది. "గిలిగింతలు పెడుతోందా? గొంతంటే అదేనమ్మా, గాలి తోసే తోపు. అమ్మమ్మ చదివినప్పుడల్లా బొమ్మ మీది మెరుపు ఇలాగే వణికింది. ఒకసారి వణికితే ఏమీ మిగలదు. అదే మాట అదే చోట వేలసార్లు అంటే మాత్రం, బళ్ళు నడిచిన దారిలో గాడి పడ్డట్టు పడిపోతుంది."

"ఎవరి పుస్తకమైనా వస్తుందాండి?" అనడిగాడు సూరిబాబు.

"ఎక్కడ బాబాయిగారూ! పెద్ద పెద్ద పండితులవి బీరువాలకి బీరువాలు తెచ్చిచ్చారు. ఒక్కదాంట్లోనూ చడీ చప్పుడూ లేదు. వాటిని ఎవరూ రెండోసారి పైకి చదవరు కదా! పిల్లలు పీడించి పీడించి చదివించుకున్న బొమ్మల పుస్తకాల్లోనే ఉంది ఏమున్నా." పుస్తకం తిప్పి చూసి, కొరికిన మూలలూ రాగిజావ మరకలూ చూసి మురిసిపోయింది. "అబ్బ, ఇది ఆరేడు వేల సార్లయినా చదివి ఉంటారు. ఇలాంటిది నాకింతవరకూ దొరకలేదు."

బీరువాలోంచి తెచ్చిన గొంతుపట్టీని విప్పి బల్ల మీద పరిచింది, కొత్త గొంతు అందులో ఎక్కించడానికి. తర్వాత అనంతలక్ష్మిని అడిగింది. "పుస్తకంలో మాటలు టైపు చేసి తెమ్మన్నాను, తెచ్చారా? మిషనుకి అవే ఆధారం. ఏ మాట తర్వాత ఏ మాటో తెలిస్తేనే వేల పొరల్ని సరిగ్గా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటుంది. లేకపోతే అంతా కలగాపులగం. వెలుగు ఒకసారి పాకిందంటే పూత ఆవిరైపోతుంది, రెండో అవకాశం ఉండదు."

వరహాలమ్మ కూతురి ఫోను వంక చూసింది. మాటలా? ఏ మాటలు? అనంతలక్ష్మి ఫోనులోంచి పంపించింది అచ్చులో ఉన్న మాటలు! "గాలి వీచింది" అట! ఆ గాలీ అదీ తను ఎన్నడూ అనలేదే!

అనంతలక్ష్మి ఏదో అనబోయి ఆగింది. సూరిబాబు దగ్గి, కిటికీలోంచి ఓడల వంక చూశాడు.

షాహినా మొదటి పేజీని గాజు మూత కింద పెట్టింది. సన్నటి నీలం వెలుగు ఒకటి పై అంచు నుంచి మెల్లగా కిందికి పాకింది. అది పాకిన మేరకి గుమ్మం పోయింది, గొడుగు పోయింది, తెల్లటి అట్ట మిగిలింది. స్పీకర్లోంచి రేకుల మీద వాన పడ్డట్టు జల్లుమని మోత వచ్చింది. అంతే, గొంతూ లేదు గింతూ లేదు.

"ఫరవాలేదు, మొదటి పేజీ ఎక్కువ అరిగి ఉంటుంది" అంది షాహినా, కనుబొమలు ముడేసి. రెండో పేజీ పెట్టింది.

రెండో పేజీలో గొడుగమ్మ పోతూ పోతూ పోస్టుమాను టోపీ తన్నుకుపోతుంది. అక్కడ వరహాలమ్మ నవ్వుతుంది. మొదటిసారి నిజంగానే నవ్వొచ్చి నవ్వింది, పిల్ల కూడా పడీ పడీ నవ్వింది, ఇక ఆ నవ్వు కూడా కథలో మాటే అయిపోయింది. నవ్వకుండా పేజీ తిప్పితే ఊరుకునేవాళ్ళు కాదు. ఆ పేజీ గాజు కిందికి వెళ్తుంటే వరహాలమ్మ నోరు తెరిచింది, మూసింది. చెప్పాలి. ఎలా చెప్పాలి? చెప్తే నలుగురిలో పరువు ఏం కాను? లెక్కల టీచరు తల్లికి ఓనమాలు రావని, ఇన్నేళ్ళూ మొగుణ్ణి మోసం చేసిందని, పరాయి మనిషి ముందు! వెలుగు పాకింది. టోపీ పోయింది, పోస్టుమాను పోయాడు. స్పీకర్లో వాన మోత.

"ఇదేంటో అర్థం కావట్లేదు" అంటూ షాహినా మూడో పేజీ అందుకుంది.

వరహాలమ్మ లేచింది. గబగబా నాలుగడుగులేసి ఆ గాజు మూత మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయింది.

"పిన్నిగారూ, చెయ్యి తియ్యండి, వేడిగా ఉంటుంది!"

తియ్యలేదు. రెండో చేత్తో నైనికని దగ్గరికి లాక్కుంది. మూడో పేజీలో మేక బొమ్మ మీద వేలు పెట్టి, పిల్ల గడ్డం పట్టుకుని చెప్పమన్నట్టు ఊపింది. నైనికకి అంతకంటే ఏం కావాలి? చేతులు కట్టుకుని, అమ్మమ్మ రాగంలోనే అందుకుంది.

"'ఏమ్మా గొడుగమ్మా, మూతి ముడుచుకుని ఎక్కడికే బయల్దేరావ్?' అంది మేక. 'ఎక్కడికైతే నీకెందుకే? నీ ఆకులు నువ్వు మేసుకో' అంది గొడుగమ్మ. ఊఁ కొట్టండి."

ఎవరూ ఊఁ కొట్టలేదు. షాహినా తెర మీదున్న మాటలు చూసింది. "గాలి ఉత్తరానికి మళ్ళింది. గొడుగు మేక మీదుగా సాగింది." పుస్తకం చూసింది, పిల్లని చూసింది. "ఇందులో మేక మాట్లాడదు కదమ్మా?"

"మాట్లాడుతుంది" అంది నైనిక. "అమ్మమ్మ చదివితే మాట్లాడుతుంది."

వరహాలమ్మ వేలు బొమ్మ మీంచి కిందికి దిగి, అచ్చు వరుసల మీద ఆగింది. తన కళ్ళు చూపించింది, అక్షరాలు చూపించింది, చెయ్యి అడ్డంగా ఊపింది. రావు. నాకు రావు. ఎన్నడూ రావు. తర్వాత తల దించుకుంది. ఎవరి మొహం వంకా చూసే ధైర్యం లేదు.

"నాకు తెలుసమ్మా" అంది అనంతలక్ష్మి.

"నాకు తెలుసే" అన్నాడు సూరిబాబు, అదే క్షణంలో.

తండ్రీ కూతురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. "నీకూ తెలుసా?" అన్నాడాయన. "మీకెప్పట్నుంచి తెలుసు నాన్నా?" అంది ఆవిడ.

"పెళ్ళయిన ఏడాది నుంచీ తెలుసు. ద్వారపూడి సంతకి తీసుకెళ్తుంటే బస్టాండులో నన్నడిగింది, కళ్ళజోడు మర్చిపోయాను, అది ఏ ఊరి బస్సండీ అని. బోర్డు చదవడం రానివాళ్ళు ఎలా అడుగుతారో కండక్టరుకి తెలీదాండి డాక్టరమ్మా? రోజుకి పదిమంది అదే మాట అడిగేవారు. పైగా అప్పటికి ఈవిడకి పద్దెనిమిదేళ్ళు. కళ్ళజోడే లేదు."

షాహినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేను రెండో క్లాసులో చూశాను" అంది అనంతలక్ష్మి. "కూడబలుక్కుని మొత్తం చదివాను. మేక మాట్లాడలేదు, గొడుగు అలగలేదు. పుస్తకం అచ్చేసినవాళ్ళు తప్పు వేశారనుకున్నానమ్మా. తర్వాత ఎప్పుడో అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా ఇష్టంగా విన్నాను. నీకు చెప్తే చదవడం మానేస్తావని భయం."

"అయితే మీ ఇద్దరికీ తెలిసే, ఆవిడ ముందు బయటపెట్టడం ఇష్టం లేక, నాకు అచ్చు మాటలు పంపించారన్నమాట!" షాహినా నెత్తి కొట్టుకుంది. "ఆవిడేమో మీకు తెలియనివ్వకూడదని ఊరుకున్నారు. ముగ్గురూ ఒకళ్ళ పరువు ఒకళ్ళు కాపాడుకుంటూ నా బల్ల మీద రెండు పేజీలు తగలేశారు! ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి కుటుంబాన్ని చూళ్ళేదండీ బాబూ."

వరహాలమ్మకి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, వీటి వెనకాలే ఒళ్ళంతా తేలికైపోయింది. ఎంత అన్యాయం! నలభై నాలుగేళ్ళు కళ్ళజోళ్ళు మర్చిపోయి చచ్చాను కదా, ఒక్కడైనా నోరు విప్పలేదే! సూరిబాబు భుజం మీద ఒక్కటి చరిచింది. తర్వాత పుస్తకం చూపించి, చెయ్యి తిప్పింది. తెలిసి మరి ఇదెందుకు తెచ్చారు?

ఆ సైగ ఆయనకి అర్థమైంది. "బొమ్మలే ఉంటాయని తెచ్చానే" అన్నాడు. "బొమ్మలైతే నువ్వు చూసి చెప్పుకోవచ్చు కదా అని, ఉన్నవాటిలో బొమ్మలు పెద్దగా ఉన్నది ఏరి తెచ్చా. కింద అచ్చు ఉందని ఇంటికొచ్చాకే చూశా. తిరిగి ఇచ్చేద్దామనుకునేలోపు నువ్వు గొడుగమ్మని మొదలెట్టేశావ్."

ఆ మాటకి వరహాలమ్మ కళ్ళు తుడుచుకుంది. నలుగురూ చూస్తున్నారని కూడా అనుకోలేదు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. షాహినా కుర్చీ మీద నైనికని ఎక్కించింది. అది చెప్పింది చెప్పినట్టు ఈవిడ టైపు చేసుకుంది. ఎక్కడ ఊపిరి తియ్యాలో, ఎక్కడ రాగం సాగాలో అది కూడా చెప్పింది, మధ్యలో అమ్మమ్మ తలూపితే సరే, అడ్డంగా ఊపితే దిద్దుకుంది. ఇరవయ్యేళ్ళు చదువుకున్న సైంటిస్టుకి అయిదేళ్ళ పిల్ల "అలా కాదు" అని మూడుసార్లు చెప్పింది.

మూడో పేజీ గాజు కిందికి వెళ్ళింది. నైనిక మేకకి టాటా చెప్పింది. నీలం వెలుగు పాకింది. స్పీకర్లో ముందు అదే వాన, తర్వాత వాన తెరిపిచ్చి, దాని అడుగునుంచి ఎవరో తలుపు తీసుకుని వస్తున్నట్టు...

"ఎక్కడికైతే నీకెందుకే? నీ ఆకులు నువ్వు మేసుకో!"

వరహాలమ్మ చెయ్యి తన మెడ మీదికి పోయింది. అక్కడ కదలిక లేదు. గొంతు మాత్రం గదంతా నిండిపోయింది, తన గొంతే, కాస్త బొంగురు, చివర విరుపు. ఇరవై ఏడేళ్ళప్పటిదీ, నలభయ్యేళ్ళప్పటిదీ, మొన్నమొన్నటిదీ అన్నీ కలిసిన గొంతు. అన్ని వేలసార్లలో ఎప్పుడూ ఉన్నదే మిగిలింది, ఒక్కరోజు జలుబు, ఒక్కరోజు విసుగు ఎటో పోయాయి. ఆ మాట వెనకాలే సన్నగా ఇంకో చప్పుడు వినిపించింది.

"ఊఁ."

"ఎవరిది?" అంది షాహినా తెర మీదికి వంగి. "పిల్లల గొంతు. దీన్నీ పేర్చేసింది మిషను."

అనంతలక్ష్మి కుర్చీలో కూలబడింది. ముప్ఫయ్యేళ్ళ కింద తను కొట్టిన ఊఁ, మొన్నటిదాకా కూతురు కొట్టిన ఊఁ ఒకే ఊఁ అయిపోయాయి. మళ్ళీ పెట్టించుకుని నాలుగుసార్లు వింది. తనదెంతో తన కూతురిదెంతో విడదియ్యలేక ఏడుస్తూ నవ్వింది.

ఎనిమిదో పేజీలో గోదారి మీద పడవ. గొడుగమ్మ పడవవాడితో వాదిస్తుండగా, మధ్యలో కథకి సంబంధం లేని కేక ఒకటి వచ్చింది. "ఏవండీ! పాలు!" రోజూ ఆ పేజీకి వచ్చేసరికే పొయ్యి మీద పాలు పొంగేవి మరి. సూరిబాబు కుర్చీలోంచి సగం లేచి, ఎక్కడున్నాడో గుర్తొచ్చి, మెల్లగా కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూసి అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వరహాలమ్మ కూడా నవ్వింది, చప్పుడు లేకుండా, భుజాలు ఎగరేస్తూ.

అప్పుడే తట్టింది ఆవిడకి. నవ్వు రెండో పేజీలో ఉంది, వాన మోతలో కొట్టుకుపోయింది.

పది పేజీలూ అయ్యాక షాహినా కూడా ఆ సంగతి చెప్పింది. "మాటలన్నిటికీ సరిపడా దొరికింది పిన్నిగారూ, పట్టీ అచ్చం మీలాగే మాట్లాడుతుంది. నవ్వొక్కటీ లేదు. తయారుగా ఉన్న నవ్వులున్నాయి, ఒకటి ఎక్కించనా?" అని ఒకటి వినిపించింది. తేనె పూసినట్టున్న నవ్వు. వరహాలమ్మ చెవులు మూసుకుంది.

వారానికి పట్టీ వచ్చింది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. వరహాలమ్మ దాన్ని కట్టుకుని, చీర కొంగు సర్దుకుని, భర్త వంక తిరిగింది.

"నలభై నాలుగేళ్ళు ఎలా నోరు మూసుకుని కూర్చున్నారండీ మీరు?"

సూరిబాబు కళ్ళు తుడుచుకుని, "నువ్వు మూస్తేగా నేను తెరవడానికి" అన్నాడు.

ఆ రోజు వరహాలమ్మ పక్కింటి గోడ దగ్గర గంటన్నర నిలబడింది. నాలుగు నెలల బాకీ కబుర్లు, అంత తేలిగ్గా తీరతాయా? కూరలవాడు ఆవిడ కేక విని తోపుడుబండి తిప్పుకుని వచ్చాడు, దోసకాయల దగ్గర ఇద్దరూ తనివితీరా పోట్లాడుకున్నారు. అనంతలక్ష్మి "అక్షరాలు నేర్పనా అమ్మా?" అని అడిగితే, "ముందు మాట్లాడనీవే, తర్వాత చూద్దాం" అంది. ఆ "నాకు చదువు రాదు" అనే మాట కూడా పైకి అనేసింది ఒకసారి, కూరలవాడితోనే, వాడు లెక్క రాసిన చీటీ చూసుకోమంటే. ఏమీ అవలేదు. వాడు చదివి చెప్పి పోయాడు.

అనంతలక్ష్మి ఫోటోలన్నీ మంచి అట్టల మీద అచ్చేయించి, కొత్త పుస్తకం కుట్టించి తెచ్చింది. నైనిక వాసన చూసి పక్కన పెట్టింది. "ఇది గొడుగు పుస్తకం కాదు" అంది. సాయంత్రం పొయ్యి మీద పాలు పెట్టే వేళకి తెల్లగా అయిపోయిన పాత పుస్తకాన్నే మోసుకొచ్చి, గడప దగ్గర కూర్చున్న అమ్మమ్మ ఒళ్ళో పడేసింది.

"చదువు."

వరహాలమ్మ అట్ట తీసింది. తెలుపు. గుమ్మమూ లేదు, గొడుగూ లేదు, కింద అచ్చు కూడా లేదు. ఆ ఇంట్లో ఇప్పుడు ఆ పుస్తకం చదవడం వచ్చింది ఆవిడొక్కదానికే. "గొడుగమ్మకి కోపం వచ్చింది" అని మొదలెట్టింది. నైనిక ఊఁ అంది. కుర్చీలో కాగితాలు దిద్దుకుంటున్న అనంతలక్ష్మి కూడా, తలెత్తకుండానే, ఊఁ అంది.

పేజీ తిప్పింది. "పోతూ పోతూ పోస్టుమాను టోపీ తన్నుకుపోయింది" అంది. నోరు తెరిచింది, భుజాలు ఎగిరాయి. పట్టీ ఉలకలేదు పలకలేదు. వరహాలమ్మ ఆ తెల్లటి పేజీ మీద చెయ్యి వేసి అలా ఉండిపోయింది. ఇక్కడ ఏం చెయ్యాలో తెలియలేదు.

నైనిక అమ్మమ్మ మొహం వంక ఒకసారి చూసింది. పొట్ట పట్టుకుంది. బొంగురుగా మొదలై, పైకి లేచి, చివర ఎక్కిళ్ళతో ఆగే ఆ నవ్వుని, ఉన్నదున్నట్టుగా, పెద్దగా నవ్వేసింది.

కాగితాలు దిద్దుతున్న అనంతలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. వంటింట్లోంచి సూరిబాబు గరిటెతో సహా బయటికొచ్చి, భార్య వంకే చూస్తూ, "నవ్వావా వరహాలూ?" అన్నాడు.

వరహాలమ్మ మనవరాలి తల మీద చెయ్యి వేసి, "ఆఁ, నవ్వానండీ" అని పేజీ తిప్పింది.